వృద్ధుల నర్సింగు, పునరావాస కేంద్రాల మూల్యాంకనం

వృద్ధుల నర్సింగు, పునరావాస కేంద్రం అనగా ఆసుపత్రి చికిత్స ముగిసినప్పటికీ ఇంటివద్ద ఉండగల స్థితికి ఇంకా రాని వృద్ధులకు, శిక్షణ పొందిన నర్సుల సేవను, వ్యాయామ చికిత్సను కొంతకాలం పాటు అందించే సంస్థ. పక్షవాతం, తుంటి ఎముక విరగడం, పెద్ద శస్త్రచికిత్స, ఇంటెన్సివ్ కేర్ విభాగంలో చాలా రోజులు ఉండడం వంటి వాటి తరువాత ఈ సేవ అవసరమవుతుంది. ఆసుపత్రి ముఖ్యంగా ప్రాణాన్ని నిలుపుతుంది. మనిషి తిరిగి కూర్చునేటట్లు, నిలబడేటట్లు, తన పనులు తాను చేసుకొనేటట్లు చేసి ఇంటికి పంపడం ఈ కేంద్రం బాధ్యత.

భారతదేశంలో ఇటువంటి కేంద్రాలను తనిఖీ చేసి, వాటికి శ్రేణులు నిర్ణయించి ప్రజలకు ప్రకటించే జాతీయ వ్యవస్థ లేదు. కావున మంచిచెడులు నిర్ణయించే భారం కుటుంబంపైనే పడుతున్నది. ఆ నిర్ణయం కూడా చాలా సందర్భాలలో ఆసుపత్రి నుండి విడుదల చేసే ఒకటి రెండు రోజులలోనే తీసుకోవలసి వస్తుంది. ఏ విషయాలు చూసి ఈ నిర్ణయం తీసుకోవచ్చునో, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల కుటుంబాల పరిస్థితిని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

పేర్లు, వాటి అర్థాలు

ఈ విషయంలో మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. తెలుగునాట "నర్సింగ్ హోమ్" అంటే కాన్పులు, శస్త్రచికిత్సలు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అదే మాటకు వృద్ధులు, దీర్ఘవ్యాధిగ్రస్తులు నెలలు, సంవత్సరాల తరబడి ఉండే నివాసం అని అర్థం. విదేశంలో ఉన్న కుమారుడు ఒక అర్థంలో అడిగిన మాటకు, ఊరిలో ఉన్న బంధువు మరొక అర్థంలో సమాధానం చెప్పే అవకాశం ఉన్నది.

"పునరావాసం" అనే మాట కూడా అటువంటిదే. సిరిసిల్ల ప్రాంతంలో పునరావాస కాలనీ అనగానే మధ్య మానేరు జలాశయంలో ఇండ్లు కోల్పోయిన వారికి కట్టిన కాలనీలే గుర్తుకు వస్తాయి. వైద్య పరిభాషలో పునరావాసం అంటే వ్యాధి వలన, గాయం వలన పోయిన శక్తిని శిక్షణతో వీలైనంత మేరకు తిరిగి తెచ్చుకోవడం. మద్యపాన విముక్తి కేంద్రాలను కూడా పునరావాస కేంద్రాలు అనే పిలుస్తారు.

ప్రస్తుతం వాడుకలో ఉన్న సంస్థలను స్థూలంగా ఈ విధంగా విభజించవచ్చును.

* వృద్ధాశ్రమం: నివాసం, భోజనం, తోడు కల్పించేది. తన పనులు తాను చేసుకోగల వారికి తగినది. వైద్యుడు అప్పుడప్పుడు వచ్చి చూడవచ్చును.
* నర్సింగు, పునరావాస కేంద్రం: రాత్రింబవళ్ళు నర్సులు, క్రమబద్ధమైన ఫిజియోథెరపీ ఉండేది. సాధారణంగా కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు మాత్రమే ఉండవలసినది.
* దీర్ఘకాలిక సంరక్షణ గృహం: మతిమరుపు వ్యాధి ముదిరిన వారు, పూర్తిగా మంచాన పడిన వారు ఉండేది.
* ఉపశమన చికిత్సా కేంద్రం: నయం కాని వ్యాధులలో నొప్పిని, ఆయాసాన్ని తగ్గించి చివరి రోజులను ప్రశాంతంగా గడిపేటట్లు చూసేది.
* ఇంటివద్ద నర్సింగు సేవ: నర్సు గాని, ఆయా గాని, ఫిజియోథెరపిస్టు గాని ఇంటికే వచ్చి సేవ చేయడం.

ఒకే భవనంలో ఈ సేవలలో రెండు మూడింటిని నడిపే సంస్థలు కూడా కలవు. బోర్డు మీద ఉన్న పేరును బట్టి కాక, లోపల జరిగే సేవను బట్టి సంస్థ స్వభావాన్ని నిర్ణయించాలి. పక్షవాతం వచ్చి పది రోజులైన వ్యక్తిని వృద్ధాశ్రమంలో చేర్చితే, అన్నం, మంచం దొరుకుతాయి గాని చేయి, కాలు తిరిగి పనిచేయడానికి అనువైన కాలం వృథా అవుతుంది. పక్షవాతం తరువాత కోలుకోవడంలో అధిక భాగం మొదటి మూడు నెలలలో జరుగుతుంది. ఆ తరువాత కూడా మెరుగుదల ఉంటుంది గాని దాని వేగం తగ్గుతుంది. ఈ మూడు నెలలు ఎక్కడ, ఎట్లా గడిచినవన్న దానిని బట్టి ఆ మనిషి మిగిలిన జీవితం చాలావరకు నిర్ణయమవుతుంది.

మెట్‌పల్లి ప్రాంత పరిస్థితి

మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలోని పురపాలక పట్టణం, రెవెన్యూ డివిజను కేంద్రం. నిజామాబాదు - జగ్దల్‌పూర్ జాతీయ రహదారి 63 పై ఆర్మూరుకు, కోరుట్లకు మధ్య ఉన్నది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి ఏర్పడినవి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. అయినప్పటికీ నర్సింగు, వ్యాయామ చికిత్స రెండింటినీ కలిపి నెలల తరబడి అందించే ప్రత్యేక కేంద్రాలు రాష్ట్రంలో ఎక్కువగా హైదరాబాదులోనే కేంద్రీకృతమై ఉన్నవి. మెట్‌పల్లి నుండి హైదరాబాదు 200 కి.మీ.కు పైగా దూరం.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన అంశాలు మూడు కలవు.

మొదటిది వలస. ఇక్కడి పల్లెల నుండి దుబాయి, సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు పనికి వెళ్ళినవారు చాలామంది. తల్లికి గాని, తండ్రికి గాని జబ్బు చేసినప్పుడు కుమారుడు డబ్బు పంపగలడు గాని వెంటనే రాలేడు. కేంద్రాన్ని ఎంచుకోవడం, ఆ తరువాత దానిపై కన్ను వేసి ఉంచడం ఫోను ద్వారానే జరుగుతుంది. ఇంటివద్ద సేవ అంతా సాధారణంగా కోడలిపై, లేదా దగ్గరి ఊరిలో ఉన్న కూతురిపై పడుతుంది.

రెండవది వృత్తి. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలలో బీడీలు చుట్టి జీవించే స్త్రీలు అధికం. నేలమీద కూర్చుని, ఒడిలో చేట పెట్టుకుని, రెండు చేతుల వేళ్ళతో చేసే పని అది. కుడి చేయి పడిపోయిన బీడీ కార్మికురాలికి నడక తిరిగి రావడంతో సగం పనే అయినట్లు. వేళ్ళ పట్టు తిరిగి వస్తే తప్ప ఆమె పూర్వపు జీవితంలోకి రాలేదు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికైతే గంటల తరబడి నిలబడగల శక్తి ముఖ్యం.

మూడవది ఇల్లు. ఎత్తైన గడప, నేలబారు నులక మంచం, ఇంటి వెనుక దూరంగా ఉండే మరుగుదొడ్డి, కూర్చుని లేవవలసిన దేశీయ మరుగుదొడ్డి ఇక్కడి పాత ఇండ్లలో సామాన్యం. నున్నని నేల మీద, చేతిపట్టీల మధ్య నడవడం మాత్రమే నేర్పి పంపితే ఆ శిక్షణ ఇంటివద్ద పూర్తిగా ఉపయోగపడదు.

చట్టాలు, నియంత్రణ

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. ఈ చట్టం ప్రకారం 60 సంవత్సరాలు నిండినవారు వయోవృద్ధులు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండదగిన వృద్ధాశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా నెలకొల్పవచ్చునని 19వ సెక్షను, ప్రభుత్వ ఆసుపత్రులలో వయోవృద్ధులకు సాధ్యమైనంత వరకు పడకలు, ప్రత్యేక వరుసలు ఉండాలని 20వ సెక్షను చెప్పుచున్నవి. పోషణ కోరే దరఖాస్తులను రెవెన్యూ డివిజనల్ అధికారి నేతృత్వంలోని ట్రిబ్యునల్ విచారిస్తుంది. సంరక్షణలో ఉన్న వృద్ధుని పూర్తిగా వదిలివేసే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడం 24వ సెక్షను ప్రకారం నేరం. దీనికి మూడు నెలల వరకు జైలు శిక్ష గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు సంబంధించినది 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం. తెలంగాణ రాష్ట్రం దీనిని స్వీకరించినది. జిల్లా కలెక్టరు అధ్యక్షుడిగా, జిల్లా వైద్యాధికారి కన్వీనరుగా ఉండే జిల్లా రిజిస్టరింగ్ అథారిటీ నమోదు పత్రాన్ని ఇస్తుంది. వైద్యం చేస్తున్నామని చెప్పే కేంద్రం ఈ పత్రాన్ని అందరికీ కనబడేటట్లు ప్రదర్శించాలి. వృద్ధుల నివాసంగా మాత్రమే నమోదై, ఆహారనాళిక, మూత్రనాళిక, ఆక్సిజను అవసరమైన రోగులను చేర్చుకుంటున్న సంస్థ విషయంలో జాగ్రత్త అవసరం.

నర్సులకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలులో నమోదు ఉండాలి. ఫిజియోథెరపిస్టులు 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. భారత నాణ్యతా మండలికి చెందిన ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు స్వచ్ఛందమైనది. అది ఉండడం మంచి సూచనే గాని, రోజువారీ సేవను పరిశీలించడానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

ముందుగా తేల్చుకొనవలసినవి

కేంద్రాన్ని చూడడానికి వెళ్ళే ముందే రోగి అవసరం ఏమిటో ఆసుపత్రి వైద్యుని అడిగి వ్రాసుకోవాలి. అడగవలసిన ప్రశ్నలు ఇవి.

* ప్రస్తుతం ఎంతవరకు కూర్చోగలరు, నిలబడగలరు? ఎన్ని వారాలలో ఏ మేరకు మెరుగుపడవచ్చును?
* నోటితో తినవచ్చునా? మింగే శక్తిని పరీక్షించారా?
* ఏ గొట్టాలు ఉన్నవి? వాటిని ఎప్పుడు తీసివేయాలి, ఎప్పుడు మార్చాలి?
* విరిగిన కాలిపై బరువు మోపవచ్చునా? ఎంత మోపవచ్చును?
* ఏ లక్షణాలు కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకొని రావాలి?

ఈ సమాధానాలు విడుదల పత్రంలో స్పష్టంగా ఉండాలి. రోజుకు ఒకసారి ఫిజియోథెరపీ, ఇంటిలో సేవచేయగల ఇద్దరు మనుషులు ఉంటే చాలునని తేలితే, ఇంటికి తీసుకొని పోవడమే మేలు కావచ్చును. రాత్రి నర్సు లేకుండా గడవని స్థితి అయితే కేంద్రం అవసరం.

పరిశీలించవలసిన అంశాలు

సిబ్బంది

రాత్రి రెండు గంటల వేళ నమోదైన నర్సు భవనంలో ఉన్నారా లేదా అన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఎ.ఎన్.ఎం. శిక్షణ రెండు సంవత్సరాలు, జి.ఎన్.ఎం. మూడు సంవత్సరాలు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగు సంవత్సరాలు. ఇవి ఏవీ లేని ఆయాలకు, కేర్‌టేకర్లకు కూడా తెల్లని దుస్తులు ఇచ్చి అందరినీ "సిస్టర్" అని పిలిచే పద్ధతి ఉన్నది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఆయాల పని. ఇంజెక్షను ఇవ్వడం, గొట్టాలు మార్చడం, పుండుకు కట్టు కట్టడం నర్సుల పని. పగలు, రాత్రి వేరువేరుగా ఎంతమంది నర్సులు, ఎంతమంది ఆయాలు, ఎంతమంది రోగులకు ఉన్నారో అడిగి, హాజరు పట్టికను చూపమనవచ్చును. ఆయాలు నెల నెలా మారిపోతున్నచోట ఏ రోగి అలవాటూ ఎవరికీ తెలియదు.

ఒత్తిడి పుండ్లు

మంచంలో కదలకుండా ఉన్నవారికి తోక ఎముక, మడమలు, తుంటి, తల వెనుక భాగాలలో రక్తప్రసరణ తగ్గి పుండ్లు ఏర్పడతాయి. వీటినే పడక పుండ్లు అంటారు. మొదటి దశలో చర్మం ఎర్రబడి, వ్రేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. చామనఛాయ, నలుపు చర్మాలపై ఎరుపు స్పష్టంగా కనబడదు కావున వేడి, గట్టిదనం, రంగు తేడాలను తడిమి చూడాలి. నాలుగవ దశలో పుండు కండరం, ఎముక వరకు పోతుంది. మానడానికి నెలలు పడుతుంది. రక్తంలో విషం చేరి ప్రాణాపాయం కూడా కలుగవచ్చును.

నివారణకు సుమారు రెండు గంటలకు ఒకసారి ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టడం, చర్మం తడి లేకుండా ఉంచడం, మాంసకృత్తులు గల ఆహారం ఇవ్వడం అవసరం. గాలి పరుపు సహాయపడుతుంది గాని, త్రిప్పవలసిన అవసరాన్ని తొలగించదు. త్రిప్పిన వేళలను వ్రాసే పట్టిక ప్రతి మంచం వద్ద ఉండాలి. సాయంకాలం ఆరు గంటలకు వెళ్ళినప్పుడు మరుసటి ఉదయం వరకు ముందే నింపివేసిన పట్టిక కనబడితే, ఆ కేంద్రం గురించి వేరే విచారణ అవసరం లేదు.

మింగడం, ఆహారం

పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మ్రింగే శక్తి దెబ్బతింటుంది. పరీక్షించకుండా నీళ్ళు త్రాగిస్తే అవి శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా రావచ్చును. కొందరికి పలుచని నీరు కంటె చిక్కని జావ సులభంగా దిగుతుంది. గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు, ఇచ్చిన తరువాత కనీసం అరగంట వరకు తల భాగం ఎత్తుగా ఉండాలి. భోజన సమయంలో వెళ్ళి చూస్తే, తినిపించేవారు కూర్చుని, మెల్లగా, ముద్ద మింగిన తరువాతనే మరొక ముద్ద పెడుతున్నారా, లేక నిలబడి తొందరపెడుతున్నారా అన్నది తెలిసిపోతుంది. జొన్నరొట్టె, గటక అలవాటైన వారికి అవే వస్తువులతో మెత్తగా చేసి పెట్టగలరేమో కూడా అడగవచ్చును.

వ్యాయామ చికిత్స

రోజుకు ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, ఎవరు చేయిస్తారు అన్నవి వ్రాతపూర్వకంగా ఉండాలి. మంచంలో పడుకోబెట్టి కాళ్ళు, చేతులు ఆడించడం కీళ్ళు బిగుసుకుపోకుండా కాపాడుతుంది గాని దానివలన మాత్రమే నడక రాదు. రోగి తానుగా చేసే సాధన ఉండాలి. మంచంపై లేచి కూర్చోవడం, కుర్చీలోకి మారడం, నిలబడడం, అడుగు వేయడం అనే క్రమం కనబడాలి. తుంటి శస్త్రచికిత్స జరిగినవారిని, వైద్యుడు వద్దన్నప్పుడు తప్ప, మరుసటి రోజునుండే లేపి నిలబెట్టడం ఆధునిక పద్ధతి. తుంటి కీలు మార్చినవారు తొలి నెలలలో నేలపై కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం విషయంలో శస్త్రవైద్యుని సూచన పాటించాలి.

పడిపోయిన చేతిని పట్టి రోగిని పైకి లాగడం భుజానికి హాని చేస్తుంది. సిబ్బంది రోగిని మంచం నుండి కుర్చీలోకి మార్చే విధానాన్ని ఒక్కసారి చూస్తే వారి శిక్షణ ఏపాటిదో అర్థమవుతుంది. మాట పడిపోయిన వారికి వాక్ చికిత్స, చేతి పనులు తిరిగి నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఉన్నవా అన్నది కూడా ముఖ్యమే.

పడిపోవడం, కట్టివేయడం

స్నానాల గదిలో చేతిపట్టీలు, జారని నేల, రాత్రి దీపం, మంచం వద్ద పిలుపు గంట ఉండాలి. గంట కొట్టి ఎవరైనా ఎంతసేపటికి వస్తారో చూడాలి. పడిపోతారనే భయంతో చేతులను గుడ్డతో మంచానికి కట్టడం, నిద్రమాత్రలు ఇచ్చి పడుకోబెట్టడం కొన్నిచోట్ల జరుగుతున్నది. దీనివలన బలహీనత, పుండ్లు, అయోమయం పెరుగుతాయి. కట్టవలసి వస్తే వైద్యుని వ్రాతపూర్వక ఆదేశం, కుటుంబానికి సమాచారం, కాలపరిమితి ఉండాలి.

మందులు, అంటువ్యాధులు

మధుమేహం, రక్తపోటు, పక్షవాతానికి కలిపి ఒకే వ్యక్తికి పది రకాల మాత్రలు ఉండడం సామాన్యం. ఇచ్చిన ప్రతి మాత్రకు వేళ, ఇచ్చినవారి సంతకం నమోదు కావాలి. మూత్రపు సంచి ఎల్లప్పుడు మూత్రాశయం కంటె క్రిందుగా, నేలను తాకకుండా వ్రేలాడాలి. అవసరం తీరిన వెంటనే గొట్టాన్ని తొలగించాలి. ఒక రోగి నుండి మరొక రోగి వద్దకు పోయేటప్పుడు సిబ్బంది చేతులు కడుగుతున్నారా అన్నది పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది.

భాష, గౌరవం

రోగి చెప్పేది సిబ్బందికి అర్థం కావాలి. "నడుము గుంజుతున్నది", "బుగులైతున్నది" అనే మాటలు తెలియని సిబ్బంది ఒక నొప్పిని, ఒక భయాన్ని గుర్తించలేరు. అవ్వా, తాతా అని పిలవడం ఈ ప్రాంతపు మర్యాద. పడక సంఖ్యతో పిలవడం, అందరి ఎదుట బట్టలు మార్చడం, చేరినప్పుడు తల గొరిగించడం వంటివి అగౌరవమే కాక, తక్కిన సేవ ఎట్లా ఉంటుందో కూడా తెలుపుతాయి. వృద్ధుడు స్పృహలో ఉండి నిర్ణయించుకోగలిగితే, ఎక్కడ ఉండాలన్న విషయంలో ముందుగా ఆయన ఇష్టాన్నే అడగాలి.

కొలమానాలు

మెరుగుదలను "బాగానే ఉన్నారు" అనే మాటతో కాక సంఖ్యతో చెప్పడానికి కొన్ని కొలమానాలు ఉన్నవి. 1965లో మహోనీ, బార్తెల్ ప్రచురించిన బార్తెల్ సూచిక పది అంశాలను చూస్తుంది. అవి భోజనం, స్నానం, ముఖం కడుగుకొనుట, దుస్తులు, మలవిసర్జనపై అదుపు, మూత్రవిసర్జనపై అదుపు, మరుగుదొడ్డి వాడకం, మంచం నుండి కుర్చీకి మారడం, నడక, మెట్లు ఎక్కడం. 0 అంటే పూర్తిగా ఇతరులపై ఆధారపడుట, 100 అంటే ఈ పనులన్నీ స్వయంగా చేసుకొనుట.

1987లో వెలువడిన బ్రేడన్ కొలమానం పుండ్లు వచ్చే ప్రమాదాన్ని అంచనా వేస్తుంది. దీనిలో 6 నుండి 23 వరకు అంకెలు ఉంటాయి. అంకె తగ్గినకొద్దీ ప్రమాదం ఎక్కువ. 18 లేదా అంతకంటె తక్కువ ఉంటే జాగ్రత్త పడాలి.

చేరిన రోజున బార్తెల్ సూచిక ఎంత, నెల తరువాత ఎంత అని విదేశంలో ఉన్న కుమారుడు ఫోనులో అడగవచ్చును. రెండు అంకెలు చెప్పగలిగిన కేంద్రం రోగిని గమనిస్తున్నదని అనుకోవచ్చును. నెలలు గడిచినా అంకె మారకపోతే లక్ష్యాన్ని మార్చాలో, స్థలాన్ని మార్చాలో వైద్యునితో చర్చించాలి.

చూడడానికి వెళ్ళవలసిన విధానం

ముందుగా చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్ళడం మంచిది. ఉదయం స్నానాల వేళ, మధ్యాహ్న భోజన వేళ, రాత్రి ఎనిమిది తరువాత, ఆదివారం వెళితే నిజ పరిస్థితి తెలుస్తుంది. కార్యాలయపు గది, చల్లని వరండా కంటె చివరి గదిలోని మంచాలను చూడాలి. మూత్రపు వాసన భవనమంతా ఉంటే సిబ్బంది చాలరని అర్థం. ఘాటైన సుగంధ ద్రవ్యపు వాసన మాత్రమే ఉన్నా అనుమానించవచ్చును. అప్పటికే ఉన్న రోగుల బంధువులతో సిబ్బంది లేనప్పుడు మాట్లాడాలి. బంధువులు వచ్చే వేళలను వారానికి ఒక గంటకు పరిమితం చేసే కేంద్రం కారణం చెప్పవలసి ఉంటుంది.

స్వయంగా వెళ్ళలేని వారు, నమ్మకమైన బంధువు చేతిలోని ఫోను ద్వారా వీడియోలో చూడవచ్చును. అయితే వాసన, పిలుపు గంటకు పట్టే సమయం, చర్మపు స్థితి వీడియోలో తెలియవు. వారానికి ఒకసారి అయినా ఎవరో ఒకరు వెళ్ళగలిగిన దూరంలో ఉన్న సామాన్య కేంద్రం, ఎవరూ వెళ్ళలేని దూరంలో ఉన్న గొప్ప కేంద్రం కంటె చాలాసార్లు మేలు. మెట్‌పల్లి కుటుంబానికి హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదుల మధ్య ఎంపికలో ఈ సంగతి ప్రధానమైనది.

ఖర్చు, బీమా, ఒప్పందం

నెలసరి మొత్తంలో ఏవి చేరినవో, ఏవి చేరలేదో వ్రాతలో తీసుకోవాలి. డైపర్లు, మందులు, ఆక్సిజను, గాలి పరుపు, ఫిజియోథెరపీ, ప్రత్యేక ఆయా, అంబులెన్సు వేరుగా లెక్కగట్టినప్పుడు బిల్లు ముందుగా చెప్పిన దానికి ఎంతో మించవచ్చును. బయానా తిరిగి ఇచ్చే షరతులు, నెల మధ్యలో ఇంటికి వెళితే లెక్క, రాత్రివేళ ఆసుపత్రికి తరలించే బాధ్యత ఎవరిదన్నది కూడా ఒప్పందంలో ఉండాలి.

ఆరోగ్య బీమా ఉన్నదన్న ధైర్యంతో చేర్చి తరువాత ఇబ్బంది పడేవారు కలరు. భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రమాణీకరించిన మినహాయింపులలో విశ్రాంతి చికిత్స, పునరావాసం, తాత్కాలిక సంరక్షణ అనేవి ఒక అంశంగా ఉన్నవి. ఈ షరతు గల పాలసీ ఇటువంటి కేంద్రపు ఖర్చును చెల్లించదు. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది. 70 సంవత్సరాలు నిండినవారికి ఏటా 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన 2024 అక్టోబరులో ప్రారంభమైనది. ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినవి. నెలల తరబడి సాగే శుశ్రూష ఖర్చు కుటుంబమే భరించవలసి వస్తుంది.

2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రులలో పది పడకల వృద్ధుల వార్డు, ఫిజియోథెరపీ విభాగం ఉద్దేశింపబడినవి. ఖర్చు భరించలేని కుటుంబాలు ముందుగా జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ సేవల గురించి విచారించడం మంచిది. నయం కాని వ్యాధులలో తెలంగాణ ప్రభుత్వపు ఉపశమన చికిత్సా కేంద్రాల సిబ్బంది "ఆలన" వాహనాలలో ఇంటికి వచ్చి సేవ చేస్తారు.

సేవకు బదులుగా ఇల్లు, పొలం వ్రాసి ఇమ్మని అడిగే సంస్థలను, వ్యక్తులను దూరంగా ఉంచాలి. కనీస అవసరాలు చూస్తామనే షరతుపై ఆస్తి తీసుకొని, తరువాత చూడకపోతే, 2007 చట్టం 23వ సెక్షను ప్రకారం వృద్ధుని కోరికపై ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చును.

ఇతర దేశాలలో

అమెరికాలో 1965లో ఏర్పడిన మెడికేర్ బీమా, ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు ఉన్న వృద్ధులకు నర్సింగు కేంద్రంలో 100 రోజుల వరకు సహాయం చేస్తుంది. మొదటి 20 రోజులకు పూర్తిగా, తరువాత రోగి కొంత వాటా చెల్లించే పద్ధతిలో ఇది ఉంటుంది. అక్కడి కేంద్రాలకు 1987 చట్టంతో కనీస ప్రమాణాలు ఏర్పడినవి. 2008 డిసెంబరు నుండి ప్రతి కేంద్రానికి తనిఖీ ఫలితాలు, సిబ్బంది సంఖ్య, సేవా నాణ్యత ఆధారంగా ఒకటి నుండి ఐదు నక్షత్రాలు ఇచ్చి ప్రకటిస్తున్నారు. సిబ్బంది సంఖ్యను కేంద్రాలు ఎక్కువ చేసి చెప్పుకుంటున్నాయన్న విమర్శలు రావడంతో, తరువాత జీతాల లెక్కల ఆధారంగా దానిని గణించే పద్ధతి తెచ్చారు. జపానులో 2000 సంవత్సరంలో దీర్ఘకాల సంరక్షణ బీమా ప్రారంభమైనది. అక్కడ ఆసుపత్రి నుండి ఇంటికి మధ్య మెట్టుగా పనిచేసే పునరావాస గృహాలు ఈ బీమా పరిధిలోనే ఉన్నవి. ఇంగ్లాండులో కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేసి నివేదికలను ప్రచురిస్తుంది. ఈ దేశాలలో ప్రభుత్వం చేసే తనిఖీని భారతదేశంలో ప్రస్తుతం బంధువుల కళ్ళే చేయవలసి ఉన్నది.

చేరిన తరువాత, ఇంటికి తిరిగి వచ్చుట

చేర్చిన రోజున శరీరమంతా చూసి, ఉన్న పుండ్లు, గాయాలు ఇరుపక్షాలు వ్రాసి సంతకం చేయడం వలన తరువాత వివాదం రాదు. వారానికి ఒకసారి వీపు, మడమలు చూడడం, బరువు తూచడం, పట్టికలు చదవడం కొనసాగించాలి.

ఇంటికి పంపడం చేరిన రోజునుండే ఆలోచించవలసిన పని. కేంద్రం వారు ఇంటి ఫోటోలు అడిగి, గడప ఎత్తు, మంచం ఎత్తు, మరుగుదొడ్డి దూరం తెలుసుకొని దానికి తగినట్లు సాధన చేయించాలి. గడప వద్ద వాలుబల్ల, గోడకు చేతిపట్టీ, మరుగుదొడ్డిపై ఉంచే కుర్చీ తక్కువ ఖర్చుతో స్థానిక వడ్రంగి, వెల్డింగు దుకాణాలలో చేయించవచ్చును. సేవ చేయబోయే కోడలు గాని, కూతురు గాని చివరి వారంలో రెండు మూడు రోజులు కేంద్రంలో ఉండి, త్రిప్పడం, లేపడం, తినిపించడం చేతితో చేసి నేర్చుకోవాలి. ఎన్ని వారాలకు ఇంటికి పంపగలరన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం చెప్పి, దాని కోసం ప్రయత్నించే కేంద్రమే పునరావాస కేంద్రం అన్న పేరుకు తగినది.

ఫిర్యాదు మార్గాలు

* వయోవృద్ధుల జాతీయ సహాయవాణి 14567. సలహా, సమాచారం, వేధింపుల విషయంలో సహాయం లభిస్తాయి.
* సంస్థ నమోదు, వైద్య లోపాల విషయంలో జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం.
* పోషణ, ఆస్తి, నిరాదరణ విషయాలలో రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద ట్రిబ్యునల్.
* సొమ్ము తీసుకొని సేవలో లోపం చేసినప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్. డబ్బు తీసుకొని చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది.

ఫిర్యాదుకు వైద్య పత్రాలు ఆధారం. రోగి గాని, అతని తరఫువారు గాని కోరిన 72 గంటలలో వైద్య పత్రాల నకళ్ళు ఇవ్వడం వైద్యుల బాధ్యత అని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి నిర్దేశిస్తున్నది.

ఇవి కూడా చూడండి

* వృద్ధాశ్రమం
* పక్షవాతం
* ఫిజియోథెరపీ
* మెట్‌పల్లి
* జగిత్యాల జిల్లా
* రాజన్న సిరిసిల్ల జిల్లా